రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ మీద పోయిన చిన్నతాత ఆనవాళ్లు ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది ఇదీ. మీ తాతగారి తమ్ముడు పాత చంద్రగిరి తాలూకాలోని ఒక పల్లె నుంచి యుద్ధకాలంలో నేవీలో చేరాడు. ఇరవై ఏళ్లు నిండకముందే "విదేశంలో, సముద్రంలో పోయాడు" అని టెలిగ్రాం వచ్చింది. ఇంట్లో ఒక ఫోటో, నక్షత్రం ఆకారంలో ఒక పతకం మిగిలాయి. మిగతాదంతా మీ జేజి చెప్పిన మాటలే. సమాధి ఎక్కడుందో కనుక్కుని వెళ్లి రావాలనుంది, ఊళ్లో ఏదైనా గుర్తు పెట్టాలనుంది. బంధువుల్లో కొందరేమో "తెల్లవాళ్ల కోసం చచ్చినవాడికి ఇప్పుడు ఇదంతా ఎందుకు" అంటున్నారు.

నేను నేవీలో రైటర్ బ్రాంచిలో పనిచేసి రిటైరయ్యాను, ఉండేది తిరుపతిలోనే. నావికుల సర్వీసు కాగితాలు, జీతాల లెక్కలు చూసే పని అది. అందుకే ఇలాంటి పాత కేసులు పట్టుకుని మన చుట్టుపక్కల వాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లందరికీ ముందు చెప్పేదే మీకూ చెబుతున్నాను. సమాధి కోసం వెతకొద్దు, పేరు కోసం వెతకండి. ఓడతో పాటు మునిగిన వాడికి సమాధి ఉండదు. ఒడ్డు మీద చనిపోయినా మనవాళ్లను చాలా చోట్ల దహనం చేశారు. పేరు మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండే అవకాశం బాగా ఎక్కువ. ఆ పేరు పక్కన తేదీ ఉంటుంది, తేదీ దొరికితే ఓడ దొరుకుతుంది, ఓడ దొరికితే ఏ సముద్రమో తెలుస్తుంది.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది, ఆయన నిజంగా నేవీలో ఉన్నాడా, లేక సరుకుల ఓడ మీద పనిచేశాడా అన్నది. పల్లెల్లో రెండింటినీ "నేవీ" అనే అంటారు, ఇప్పటికీ అంతే. ఆ రోజుల్లో మన యుద్ధనౌకల దళం పేరు రాయల్ ఇండియన్ నేవీ. యుద్ధం మొదలైనప్పుడు దాంట్లో రెండు వేల మంది కూడా లేరు, ముగిసేసరికి పాతిక వేలు దాటారు. అంటే చేరినవాళ్లలో ఎక్కువ మంది మీ చిన్నతాత లాంటి కొత్త కుర్రాళ్లే. మరోపక్క బ్రిటిష్ కంపెనీల సరుకుల ఓడల మీద బాయిలర్ల దగ్గర, డెక్ మీద, వంటింట్లో వేల మంది భారతీయులు పనిచేసేవారు. వాళ్లను లాస్కర్లు అనేవారు. జర్మన్ జలాంతర్గాములు టార్పెడోలు వేసి ముంచినవి ఎక్కువగా ఈ సరుకుల ఓడలనే.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, రికార్డులు ఉండే చోట్లు వేరు, లెక్కలోకి తీసుకునే పద్ధతి కూడా వేరు. యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లను భద్రపరిచే సంస్థ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 1917లో పుట్టింది. రెండో యుద్ధానికి వాళ్లు లెక్కలోకి తీసుకునే కాలం 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 దాకా. నేవీ మనిషైతే ఆ మధ్యలో సర్వీసులో ఉండగా జ్వరంతో చనిపోయినా, లారీ కింద పడి చనిపోయినా పేరు ఉంటుంది. సరుకుల ఓడ మనిషైతే డ్యూటీలో, యుద్ధం కారణంగా చనిపోయి ఉండాలి. కలరాతో ఏదో రేవులో పోయిన లాస్కర్ పేరు అక్కడ కనిపించకపోవడానికి కారణం ఇదే. కనిపించలేదని ఇంట్లోవాళ్లు చెప్పింది అబద్ధం అనుకోకండి.

ఇప్పుడు ఆ పతకం తీసి చూడండి. మీరు ఫోటో పెట్టలేదు కానీ నక్షత్రం అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆరు కొమ్ములు, మధ్యలో కిరీటం, దాని చుట్టూ ఉన్న వలయంలో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాలే మీకు మొదటి సాక్ష్యం. 1939-45 స్టార్ అని ఉంటే యుద్ధరంగంలో పనిచేశాడని మాత్రమే తెలుస్తుంది. బర్మా స్టార్ అయితే బంగాళాఖాతం, బర్మా పడమటి వైపున్న అరకాన్ తీరం వైపు వెతకాలి. అట్లాంటిక్ స్టార్ అయితే సరుకుల ఓడ అనే అనుమానం బలపడుతుంది. ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ కూడా మనవాళ్లకు వచ్చాయి. 1943 జూలైలో సిసిలీ మీద దాడి జరిగినప్పుడు సట్లెజ్, జమున అనే మన నౌకలు అక్కడ ఉన్నాయి. రిబ్బన్ మిగిలి ఉంటే ఇంకా మంచిది. మధ్యలో వెడల్పాటి ఎర్ర పట్టీ, అటూ ఇటూ ముదురు నీలం, వాటి మధ్య నారింజ రంగు గీతలు ఉంటే అది బర్మా స్టార్‌ది. అన్నట్టు, దయచేసి దాన్ని చింతపండుతో తోమకండి. ఇంట్లో ఇత్తడి చెంబుకు చేసినట్టు చేస్తే అక్షరాల అంచులు అరిగిపోతాయి, ఆ పాత రంగు మళ్లీ రాదు.

జేజి మాటల విషయానికి వద్దాం. వాటిని కొట్టిపారేయొద్దు, కానీ జాగ్రత్తగా వినాలి. "గోదావరిలో ఉండేవాడు" అని ఆమె అని ఉంటే అది నది కాకపోవచ్చు. గోదావరి, కావేరి, నర్మద, కృష్ణ పేర్లతో అప్పట్లో మనకు యుద్ధనౌకలుండేవి. ఇండస్ అనే నౌకను జపాన్ విమానాలు 1942 ఏప్రిల్ 6న బర్మాలోని అక్యాబ్ దగ్గర ముంచేశాయి. మద్రాస్, బెంగాల్, బాంబే అనే పేర్లతో మైన్లు ఏరే చిన్న నౌకలు కూడా ఉండేవి. కాబట్టి "మద్రాసులో పనిచేశాడు" అన్న మాటకు రెండు అర్థాలుంటాయి.

కాలం గురించి అడిగేటప్పుడు పెద్దవాళ్లను ఇంగ్లీషు సంవత్సరం అడగకండి. మన సంవత్సరం పేరు అడగండి, పండగతో కలిపి అడగండి. ప్రమాది 1939 ఉగాదితో మొదలైంది. తర్వాత వరసగా విక్రమ, విషు, చిత్రభాను, స్వభాను, తారణ, పార్థివ, వ్యయ. "చిత్రభాను ఉగాది అయిన కొన్నాళ్లకే తంతి వచ్చింది" అని ఎవరైనా అంటే అది 1942 వేసవి. సరిగ్గా ఆ ఏప్రిల్ మొదటి వారంలోనే జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలోకి చొరబడి ఇరవైకి పైగా సరుకుల ఓడలను ముంచింది, విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేసింది. "విదేశంలో పోయాడు" అనుకున్న మనిషి కాకినాడకు ఎదురుగా ఉన్న నీళ్లలోనే పోయి ఉండొచ్చు. ఇంట్లో పాత పంచాంగాలు ఉంటే వాటి అంచుల్లో చూడండి. మన వైపు పుట్టుకలూ చావులూ అక్కడే రాసుకునేవారు.

ఇక అసలు వెతుకులాట. కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకడం పూర్తిగా ఉచితం. డబ్బులిస్తే వెతికిపెడతామనే ఏజెంట్లను నమ్మకండి. చిక్కంతా పేర్ల స్పెల్లింగులో ఉంది. మన పేరును రిక్రూటింగ్ ఆఫీసులో ఎవరో విని, వాళ్లకు తోచినట్టు ఇంగ్లీషులో రాశారు. మునిరత్నం, చెంగల్రాయులు, గంగులప్ప లాంటి మన పేర్లు ఎన్ని రకాలుగా తయారవుతాయో మీరే ఊహించుకోండి. సాధారణంగా ఇంటిపేరు ఉండదు. ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలో పెట్టేస్తారు. ఇంటిపేరుతో వెతికి "లేదు" అని వదిలేసిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పేరులో మొదటి నాలుగైదు అక్షరాలు మార్చి మార్చి కొట్టండి, తండ్రి పేరుతో సరిచూడండి. "ఫలానా వారి కుమారుడు, ఫలానా ఊరు" అని అదనపు సమాచారం కొందరికి ఉంటుంది, కొందరికి ఒట్టి నంబరూ పేరూ మాత్రమే ఉంటాయి.

ఊరి పేర్ల దగ్గర కూడా మోసపోవద్దు. అప్పుడు తిరుపతి జిల్లా లేదు, అది 2022 ఏప్రిల్‌లో వచ్చింది. మండలాలూ లేవు. తిరుపతి అంటే చిత్తూరు జిల్లా, చంద్రగిరి తాలూకా, మద్రాసు ప్రెసిడెన్సీ. 1960లో తమిళనాడు వైపు వెళ్లిన తిరుత్తణి కూడా అప్పుడు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. అందుకని చిత్తూరు జిల్లా అని రాసి ఉన్న ప్రతి తమిళ పేరూ తప్పు కాదు. కేరళలో పాలక్కాడ్ దగ్గర ఇంకో చిత్తూరు ఉంది, దక్షిణ కన్నడంలో ఇంకో పుత్తూరు ఉంది. తండ్రి పేరు కలవకుండా ఊరి పేరు ఒక్కటే చూసి "దొరికాడు" అనుకోవద్దు.

పేరుతో ఎంతకీ దొరక్కపోతే తేదీతో వెతకండి. ఓడ మునిగితే అందులో గల్లంతైన వాళ్లందరికీ మామూలుగా ఒకే తేదీ వేస్తారు. ఆ తేదీ, రాయల్ ఇండియన్ నేవీ లేదా ఇండియన్ మర్చంట్ నేవీ అని పెట్టి చూస్తే ఆ ఓడ వాళ్లంతా ఒకేచోట కనిపిస్తారు. వాళ్లలో మీ వాడిని పోల్చుకోవడం సులువు. ఏ తేదీన ఏ ఓడ ఎక్కడ మునిగిందో, జర్మన్ జలాంతర్గాముల వరకైతే యూబోట్ డాట్ నెట్ అనే సైట్‌లో చాలా వివరంగా ఉంది.

సముద్రంలో పోయిన మన నావికుల పేర్లు ఎక్కువగా చేరేది బాంబే/చిట్టగాంగ్ 1939-1945 వార్ మెమోరియల్స్ అనే జాబితాలోకి. ఆరు వేలకు పైగా పేర్లు. నేవీ వాళ్లవీ, సరుకుల ఓడల వాళ్లవీ కలిపే ఉంటాయి. ఒకటి ముంబైలో మస్జిద్ బందర్ దగ్గరున్న ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లో ఉంది, రెండోది బంగ్లాదేశ్‌లో, చిట్టగాంగ్ యుద్ధ శ్మశానవాటికలో. మీరు వెళ్లి రావాలనుకుంటే వెళ్లగలిగేది ముంబైకి. అక్కడ మీరు ఊహించుకున్న పచ్చిక, తెల్లరాళ్ల వరసలు ఉండవని ముందే చెబుతున్నాను. అది ఇప్పటికీ ఓడల మనుషులు దిగే బస. హఠాత్తుగా వెళ్లి నిలబడే కన్నా ముందుగా అడిగి వెళ్లడం మంచిది. నన్నడిగితే, పాలరాతి స్మారకం కన్నా నావికులు సంచులు మోసుకుంటూ తిరిగే ఆ చోటే వాళ్ల పేర్లకు తగిన చోటు.

ఒడ్డున చనిపోయి ఉంటే దారి వేరు. బర్మాలో అయితే యాంగోన్ దగ్గరి తౌక్యాన్ యుద్ధ శ్మశానవాటికలో, దహనం చేసినవాళ్ల కోసం విడిగా ఒక స్మారకం ఉంది, వెయ్యికి పైగా పేర్లతో. అక్యాబ్‌లో ఉన్న సమాధుల్ని కూడా తర్వాత తౌక్యాన్‌కే తరలించారు. శ్రీలంకలో ట్రింకోమలీ చూడాలి. మద్రాసు నందంబాక్కంలోని యుద్ధ శ్మశానవాటిక మనకు దగ్గర కాబట్టి చాలామంది ముందు అక్కడికే పరుగెత్తుతారు. మీ కేసులో అక్కడ దొరికే ఆశ తక్కువ. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన నేషనల్ వార్ మెమోరియల్ స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్లది. 1971లో మునిగిన ఖుక్రీ నౌక మనుషుల కోసమైతే అక్కడ, ఇంకా డయ్యూలో వెతకాలి. మీ చిన్నతాత కోసం కాదు.

నేవీ అని తేలితే సర్వీసు రికార్డు కోసం ముంబై మాన్‌ఖుర్ద్‌లో, చీతా క్యాంప్‌లో ఉన్న బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కు ఉత్తరం రాయండి. నావికుల కాగితాలు చూసే కార్యాలయం అదే. అంత పాతవాళ్లవి అన్నీ దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. నంబరు ఉంటే మాత్రం పని సగం అయినట్టే. ఉత్తరం ఎలా రాయాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే చెబుతారు. సరుకుల ఓడ అయితే కాగితాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ వైపు వెళ్తాయి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ సైట్‌లో ఇంట్లో కూర్చునే కొంత చూడొచ్చు. ఎవరికి పంపినా టెలిగ్రాం, ఫోటోల నకళ్లే పంపండి. టెలిగ్రాం దొరికితే లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి పాత కాగితం పాడవుతుంది.

పేరు ఎక్కడా లేకపోతే? అప్పుడు కూడా దారి ఉంది. ఆధారాలు చూపిస్తే కమిషన్ కొత్తగా పేరు చేర్చుకుంటుంది, ఉన్న పేరులో తప్పుంటే దిద్దుతుంది. మొదటి యుద్ధంలో చనిపోయిన ఆఫ్రికా, ఆసియా వాళ్లను తెల్లవాళ్లతో సమానంగా గుర్తుంచుకోలేదని 2021లో వాళ్ల సొంత నివేదికే ఒప్పుకుంది. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి, మీరేమీ ముష్టి అడగడం లేదు. ఇంకో మాట, రికార్డులో మీకు తెలియనిది కనిపించవచ్చు. బ్రహ్మచారి అనుకున్నవాడి పేరు పక్కన భార్య పేరు ఉండొచ్చు. ఆ రోజుల పెళ్లిళ్లు తెలుసు కదా. ఆ అమ్మాయి తర్వాత ఏమైందో ఇంట్లో ఎవరూ మాట్లాడి ఉండరు. అది బయటపెట్టే ముందు పెద్దవాళ్లతో ఒకసారి మాట్లాడండి. పెన్షన్, భూమి లాంటివి మీ తరానికి ఏమీ రావు.

"తెల్లవాళ్ల కోసం చచ్చాడు" అన్న మాటకు నా జవాబు పొడవుగా ఉండదు. ఆ కుర్రాడు చక్రవర్తి మీద ప్రేమతో వెళ్లి ఉండడు. నెల జీతం, రెండు పూటల తిండి, రేణిగుంట దాటి లోకం చూడొచ్చన్న ఆశ, వీటిలో ఏదో ఒకటి తీసుకెళ్లి ఉంటుంది. అదే రాయల్ ఇండియన్ నేవీ నావికులు 1946 ఫిబ్రవరి 18న బాంబేలో తల్వార్ అనే నేవీ శిక్షణ కేంద్రంలో సమ్మెకు దిగారు. అది డెబ్భైకి పైగా నౌకలకు పాకింది, ఇరవై వేల మంది దాకా కలిశారు. మీ చిన్నతాత బతికి ఉంటే ఆ రోజు ఏ వైపు నిలబడేవాడో చెప్పడానికి ఆయనకు అవకాశం రాలేదు, అంతే. ఆ బంధువులకు ఇది చెప్పండి, వినకపోతే వదిలేయండి.

అయితే రెండో వైపుకీ జారొద్దు. లేని వీరగాథ అల్లకండి. "శత్రువు ఓడను ముంచి నేలకొరిగాడు" అని ఫ్లెక్సీ మీద వేయించిన వాళ్లను చూశాను. యుద్ధంలో నావికులు ఎక్కువగా చనిపోయింది ఇంజన్ రూంలో, నిద్రలో, చల్లటి నీళ్లలో, జబ్బుతో. దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, దాన్ని మార్చాల్సిన అవసరమూ లేదు.

ఊళ్లో రాయి పెట్టాలన్నారు కదా. దానికి నమూనా మన పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది. పలమనేరు, పుంగనూరు వైపు పొలాల గట్ల మీద, చెరువు కట్టల పక్కన వీరగల్లులు, అంటే పోరులో పడ్డవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లు, చూసే ఉంటారు. వెయ్యేళ్ల కిందటివి కూడా ఉన్నాయి. శాసనం ఉన్నవాటిలో సంగతి సూటిగా ఉంటుంది. ఎవరి కొడుకు, ఎవరి కాలంలో, ఏ పోట్లాటలో పడ్డాడు. పశువుల మందను కాపాడుతూ చనిపోతే ఆ మాటే రాస్తారు, అంతకు మించి పొగడరు. మీ రాయి మీద కూడా అంతే ఉండాలి. పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ, హోదా, తేదీ, ఏ సముద్రం. అర్ధం తెలియని ఇంగ్లీషు వాక్యాలు వద్దు, తెలుగులో చెక్కించండి. పంచాయతీ స్థలంలో అయితే తీర్మానం చేయించుకోండి, లేకపోతే ఆయన చదివిన బడిలో పెట్టండి. ఆయన చేరేనాటికి ఉన్న వయసు పిల్లలు అక్కడ చదువుతారు. ఓడ, తేదీ తేలకముందు మాత్రం రాయి చెక్కించవద్దు. రాతి మీద తప్పు పడితే దిద్దడం కష్టం.

కర్మల సంగతి మీరు అడగలేదు, కానీ ఇలాంటి కుటుంబాల్లో చివరకు అందరూ అడిగేది అదే. దేహం దొరకనివాళ్లకు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి మనలో ఉంది. మీ ఇంట్లో అప్పుడు చేశారో లేదో పెద్దవాళ్లను అడగండి. చాలా ఇళ్లలో తల్లి ఒప్పుకోక ఆగిపోయిందని విన్నాను. "గల్లంతు" అన్న మాటలో ఆశ ఉంటుంది కదా. చేయకపోయి ఉంటే మీ పురోహితుడితో మాట్లాడండి, తిరుపతిలో కపిలతీర్థం ఉండనే ఉంది. తేదీ దొరికితే పంచాంగం చూసి తిథి తీస్తారు. దొరక్కపోయినా భాద్రపద బహుళ చతుర్దశి, అంటే మహాలయ అమావాస్య ముందు రోజు, యుద్ధంలో, ఆయుధాల వల్ల పోయినవాళ్ల కోసమే ఉంది. డిసెంబర్ 4 నేవీ డే రోజున చేద్దామని కొందరంటారు. అది 1971 కరాచీ దాడి గుర్తుగా జరిపేది, ఆయనకూ దానికీ సంబంధం లేదు. నా ఓటు ఆయన సొంత తేదీకే.

ప్రస్తుతానికి రెండు పనులు చేయండి. పతకం వలయం మీద అక్షరాలు చూసి, ఫోటోలో టోపీ రిబ్బన్ మీద ఏమైనా చదవగలిగితే అది కూడా ఇక్కడ రాయండి. యుద్ధకాలంలో టోపీ మీద ఓడ పేరు లేకుండా వట్టి H.M.I.S. అన్న అక్షరాలే ఉండొచ్చు, అయినా నేవీయా కాదా అన్నది దాంతోనే తేలిపోతుంది. ఆయన పేరు, ఊరు పేరు మాత్రం అందరికీ కనిపించేలా పెట్టకండి, నాకు విడిగా పంపండి.